కారు లేని మనిషి కార్డు

"ఇలా వచ్చి ఇక్కడ నిలబడు," అంది ఆర్డెలా హేగుడ్.

జొనెల్ పెటస్ వెనక గుమ్మం దాటలేదు. "నావల్ల కాదు మిస్ ఆర్డెలా. అమ్మ పడింది అక్కడ్నుంచే."

"పడింది గనకే రమ్మంటున్నాను. నీ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ఈ టేపు చివర పట్టుకో."

జొనెల్ వచ్చి పట్టుకుంది. మూడో అంతస్తు వెనక వైపు, ఇనప మెట్లకి పైన, నలుగురు నిలబడితే ఇరుకైపోయే వసారా అది. చుట్టూ ఇనప కమ్మీలు. ఆర్డెలా నేల నుంచి పై కమ్మీ దాకా కొలిచింది. నలభై రెండు అంగుళాలు.

"మీ అమ్మ పొడుగెంత?"

"అయిదడుగులు. అంతకంటే ఓ అంగుళం తక్కువే."

ఆర్డెలా తను కూడా పొట్టిదే. కమ్మీకి ఆనుకుని నిలబడి చూసింది. అది ఆమె గుండెల దాకా వచ్చింది.

"కాలు జారితే ఇక్కడే కూలబడుతుంది. దీని మీదుగా అవతలికి పోదు," అంది.

జొనెల్ మొహం మాడిపోయింది. "కాలు జారలేదని చెప్పడానికా నేను మీకు డబ్బిచ్చింది?"

"నువ్వింకా ఇవ్వలేదు."

వర్లీన్ పెటస్‌కి అరవై మూడేళ్ళు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని. పోయిన గురువారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఈ వసారా మీద నుంచి కింద సిమెంటు నేల మీద పడి చనిపోయింది. ఆమె ఏప్రాన్ జేబులో బ్యాంకు ఉత్తరం దొరికింది. మీకు క్రెడిట్ కార్డు ఇవ్వలేం అని రాశారు అందులో. సార్జెంట్ క్లైడ్ మాబ్రీ ఆ ఉత్తరం చదివి, రెండు రోజుల్లో కేసు మూసేశాడు. ఆత్మహత్య.

ఆత్మహత్య అన్న మాటే జొనెల్‌కి గొంతులో ముల్లయింది. ఆసుపత్రి తరఫున తల్లి తీసుకున్న ఇన్సూరెన్స్ నలభై వేల డాలర్లు. పాలసీ తీసుకుని రెండేళ్ళు తిరక్కుండా ఆత్మహత్య చేసుకుంటే కట్టిన డబ్బు వెనక్కిస్తారంతే. వర్లీన్ తీసుకుని పద్నాలుగు నెలలే అయింది. అందుకే సోమవారం జొనెల్ ఆర్డెలా గదికి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున అబద్ధాలు పట్టుకుని, ఇప్పుడు సొంతంగా అదే పని చేస్తున్న మనిషి ఆర్డెలా. "ప్రమాదమని తేల్చండి చాలు," అంది జొనెల్. వచ్చిన దాంట్లో పదో వంతు ఇస్తానంది.

"పోనీ దూకిందేమో చూద్దాం," అంది ఆర్డెలా ఇప్పుడు. "దూకాలంటే ఎక్కాలి. మోకాళ్ళు ఎలా ఉండేవి?"

"రెండూ అరిగిపోయాయి. బస్సు మెట్టు ఎక్కడానికే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి."

"అయితే కుర్చీయో స్టూలో వెయ్యాలి. పోలీసు ఫోటోలు నేను చూశాను. ఇక్కడ చీపురు కూడా లేదు."

"మరి?"

ఆర్డెలా టేపు చుట్టేసి జేబులో వేసుకుంది. "కింద ముసలాయనతో మాట్లాడొస్తాను. నువ్వు వంటగదిలో కూర్చో. దేన్నీ ముట్టుకోకు."

రెండో అంతస్తులో ఉండే టాలివర్‌కి ఎనభై దాటాయి. తలుపు సగమే తెరిచాడు.

"నేను పోలీసుని కాను మిస్టర్ టాలివర్. గురువారం టైము గురించి అడుగుదామని."

"రేడియోలో ప్రార్థన తొమ్మిదింబావుకి అయిపోతుంది. ఆ తర్వాత అయిదు నిమిషాలకి దబ్బుమంది. చెత్త సంచీ అనుకున్నా. ఈ మేడలో సగం మంది బద్ధకస్తులు పైనుంచే విసురుతారు."

"కేక వినిపించిందా?"

"లేదు. అదే నాకూ వింతగా ఉంది. పడేవాడు అరుస్తాడు కదా."

"అంతకుముందు?"

"వర్లీన్ మాట్లాడుతోంది. 'నీ నోటితో నువ్వు చెప్పు, నాకు అంతే చాలు' అంది. రెండుసార్లు. ఫోనేమో అనుకున్నా."

"ఈ సంగతి సార్జెంటుకి చెప్పారా?"

"ఆయన అడిగింది ఒకటే. ఈ మధ్య ఆవిడ దిగులుగా ఉండేదా అని. దివాళా తీసి ఐపీ పెట్టినవాళ్ళు డాన్సులాడతారా నాయనా అన్నాను. అదే రాసుకుని పోయాడు."

ఆర్డెలా పైకి వచ్చేసరికి జొనెల్ వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద గళ్ళ అట్ట నోటుపుస్తకం. వర్లీన్‌ది. ఆర్డెలా దాన్ని ముందుకు లాక్కుని, నిలబడే చదివింది. గుండ్రటి అక్షరాలు, పెన్సిలుతో.

*మొదటిది. రెండు వందలు డిపాజిట్ ముందే కట్టాలి. ఏడాది ఫీజు లేదు. కిరాణా మీద నూటికి రెండు వెనక్కిస్తారు. చికెనూ, బీన్సూ, మొక్కజొన్న పిండీ ఎలాగూ కొంటాను.*

*రెండోది. విమానం టికెట్లకి పాయింట్లు. ఏడాదికి తొంభై అయిదు ఫీజు. నేనెక్కేది సిటీ బస్సు. వద్దు.*

*మూడోది. పెట్రోలు మీద నూటికి నాలుగు. కారు అప్పులవాళ్ళు తోలుకుపోయి మూడేళ్ళయింది. ఎవరి కారులో పోయించుకోను? వద్దు.*

వర్లీన్ రెండోదీ మూడోదీ అడ్డంగా కొట్టేసి, మొదటిదాని చుట్టూ సున్నా చుట్టింది. కింద ఇంకో మాట రాసుకుంది. *నెలకి ఒక్కసారే గీకాలి. నెల తిరక్కుండా మొత్తం కట్టెయ్యాలి. ఏడాదిన్నరలో క్రెడిట్ స్కోరు ఏడు వందలు దాటాలి. అప్పుడు మెట్లు లేని ఇల్లు అద్దెకిస్తారు.*

"ఇల్లు మారాలనుకుందా?" అంది ఆర్డెలా.

"ఎన్నిచోట్ల అడిగిందో. దివాళా అని కాగితాల్లో కనపడగానే పొమ్మనేవాళ్ళు. నాన్న డయాలిసిస్ బిల్లులు అమ్మ మెడకి చుట్టుకున్నాయి. ఆయన పోయాడు, బిల్లులు పోలేదు. కోర్టుకెళ్ళి చేతులెత్తేసింది. అది అయి రెండేళ్ళు."

"అప్పట్నించి?"

"అప్పట్నించి ఆ పుస్తకమే బైబిల్. ఏ కార్డు తీసుకోవాలి, ఎలా కట్టాలి. అదే గోల."

"గురువారం పొద్దున నువ్వెక్కడున్నావు?"

"సోమవారమే చెప్పాను కదా. రాత్రి డ్యూటీ. ఏడింటికి దిగి సౌత్‌హేవెన్‌లో మా ఇంటికెళ్ళి పడుకున్నాను. పదకొండింటికి పోలీసులు ఫోన్ చేస్తే లేచాను."

"ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో కదూ నీ పని?"

"అవును. మంచం మీంచి లేవలేని వాళ్ళని కుర్చీలోకి చేర్చడం, స్నానం చేయించడం."

"బరువు పని."

"అలవాటైపోయింది."

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. సార్జెంట్ మాబ్రీ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో కాఫీ కప్పు. పదకొండింటికి రమ్మని ఆర్డెలా పిలిచింది. పదకొండూ పది అయింది.

"ఏం హేగుడ్! శవం ఉన్న చోట గద్ద వాలుతుందంటారు. నువ్వేంటి ఆరు రోజులు లేటుగా వాలావు?"

"గద్దకి ఏమన్నా మిగిల్చావేమో చూద్దామని. చాలా మిగిల్చావు క్లైడ్."

"మూసేసిన కేసు ఇది. ఈ అమ్మాయికి డబ్బు కావాలి, నీకు అందులో వాటా కావాలి. మధ్యలో నా పరువు తీస్తానంటే ఊరుకోను."

"ఉంటేగా తీసేది. ఉత్తరం తెచ్చావా?"

మాబ్రీ ఫైలు బల్ల మీద పడేశాడు. ప్లాస్టిక్ కవరులో మడత పెట్టిన ఉత్తరం. "ఇదిగో. 'మీ దరఖాస్తు ఆమోదించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం.' ఐపీ పెట్టిన ముసలిది. రెండేళ్ళు ఆశ పెట్టుకుంది. కార్డు రాలేదు, దూకింది. ఇందులో నీకు అర్థం కానిదేంటి?"

"ఎందుకు రాలేదు?"

"ఐపీ పెట్టింది గనక."

"డిపాజిట్ కట్టి తీసుకునే కార్డు అది. ఐపీ పెట్టినవాళ్ళ కోసమే పెట్టారు. వాళ్ళకి ఇవ్వకపోతే ఎవరికిస్తారు? ఇవ్వకపోతే కారణం రాసి తీరాలి. రెండో పేజీ చదివావా?"

మాబ్రీ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"చదవలేదు," అంది ఆర్డెలా. "మడత కూడా విప్పలేదు నువ్వు. ఆవిడ ప్రాణం ఒక పేజీకి సరిపెట్టావు. ఇప్పుడు చదువు. గట్టిగా."

అతను చేతి తొడుగు వేసుకుని కాగితం బయటికి తీశాడు. చదువుతుంటే గొంతు నెమ్మదించింది.

"'కారణం. మీ పేరున మా వద్ద ఇప్పటికే ఒక కార్డు ఉంది. పదకొండు నెలల క్రితం తీసుకున్నారు. దాని మీద అరవై రెండు రోజులుగా వాయిదా చెల్లించలేదు. కార్డు చివరి అంకెలు 4471. రకం... పెట్రోలు రాయితీ కార్డు.'"

ఆర్డెలా నోటుపుస్తకం అతని ముందుకు తోసి, కొట్టేసిన మూడో పేరా మీద వేలు పెట్టింది. "కారు లేని మనిషి. పెట్రోలు కార్డు వద్దని తన చేత్తో కొట్టేసుకుంది. అదే కార్డు ఆవిడ పేరున పదకొండు నెలలుగా నడుస్తోంది. దివాళా తీసిన మనిషి పేరు కోర్టు కడిగేశాక కొత్త పలకలా ఉంటుంది. దాని మీద ఇంకెవరో రాసుకున్నారు."

"ఎవరో దొంగ," అంది జొనెల్. "ఇలాంటివి రోజూ వింటున్నాం."

"దొంగే. పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, పెళ్ళికి ముందు ఇంటిపేరు, అన్నీ తెలిసిన దొంగ." ఆర్డెలా మాబ్రీ వైపు తిరిగింది. "పోస్ట్‌మార్టం రిపోర్టులో దెబ్బలు ఎక్కడెక్కడున్నాయి?"

"ఒళ్ళంతా. మూడంతస్తుల నుంచి పడితే పూలు పూస్తాయా?"

"పడ్డ దెబ్బలు కాదు. కమిలిన మచ్చలు."

అతను పేజీలు తిప్పాడు. "ఎడమ చంక కింద. రెండు మోకాళ్ళ వెనకా."

"సిమెంటు నేల చంకలోకి దూరుతుందా క్లైడ్? ఒక చెయ్యి వీపు వెనక నుంచి చంక కిందికి, రెండో చెయ్యి మోకాళ్ళ కిందికి. మంచం మీంచి కుర్చీలోకి మనిషిని ఎలా చేరుస్తారో ఎప్పుడన్నా చూశావా? ఈ అమ్మాయి రోజూ చేస్తుంది, అడుగు."

జొనెల్ లేచి నిలబడింది. "మీకు మతి పోయిందా? మిమ్మల్ని పెట్టుకుంది నేను!"

"కూర్చో."

"నేను ఆ టైముకి ఇంట్లో పడుకుని ఉన్నాను!"

ఆర్డెలా సంచీలోంచి ఒక లావుపాటి కవరు తీసింది. "ఇది గుర్తుందా? తిరుగుళ్ళ ఖర్చు కూడా ఇన్సూరెన్స్‌లో వేద్దాం, పెట్రోలు రసీదులుంటే పట్రా అన్నాను సోమవారం. అలాంటి ఖర్చు ఏ కంపెనీ ఇవ్వదు, డబ్బడిగేవాళ్ళు ఆ రోజు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి నేను వేసే ఎర అది. నువ్వు మాత్రం మంగళవారం పొద్దున్నే పరిగెత్తుకొచ్చి ఇరవై మూడు రసీదులిచ్చావు. తల్లిని పూడ్చి రెండు రోజులు కాలేదు."

ఆమె ఒక్క రసీదు తీసి బల్ల మీద పెట్టింది.

"చావు రోజుది. లామార్ రోడ్డు మీది బంకు. ఇక్కడికి రెండు వీధుల అవతల. ముప్ఫై ఎనిమిది డాలర్లు. ఆ రోజు ఖర్చులో వస్తుందని తేదీ చూసుకుని మురిసిపోయి ఇచ్చావు. టైము చూసుకోలేదు. తొమ్మిదీ నలభై ఒకటి. కార్డు చివరి అంకెలు ఏమున్నాయి క్లైడ్?"

మాబ్రీ వంగి చూశాడు. "4471."

"పదకొండింటి దాకా సౌత్‌హేవెన్‌లో నిద్రపోయిన పిల్ల. తల్లిని కింద పారేసిన ఇరవై ఒక్క నిమిషాలకి ట్యాంకు నింపుకుంది. ఆకలేసి ఏమన్నా తిన్నావా దార్లో? ఆ రసీదు ఇవ్వలేదే?"

జొనెల్ కూర్చుంది. రసీదు తన వైపు తిప్పుకుని చూసింది. మాట్లాడినప్పుడు గొంతులో ఏడుపు లేదు, విసుగుంది.

"నా పేరున సైకిలుకి కూడా అప్పు పుట్టదు. మా ఆయన వెళ్తూ వెళ్తూ అన్నీ నా నెత్తిన పెట్టిపోయాడు. కారు లేకపోతే ఉద్యోగం లేదు. అమ్మ పేరు అప్పుడే శుభ్రపడింది. దాంతో ఆవిడ చేసుకునేదేముంది, ఇంట్లో కూర్చుని లెక్కలేసుకోవడం తప్ప? తొమ్మిది నెలలు సక్రమంగా కట్టాను. ఎవరికీ తెలిసేది కాదు."

"తర్వాత ఆవిడ కూడా అదే బ్యాంకులో అడిగింది."

"ఊళ్ళో ఇన్ని బ్యాంకులుండగా!" బల్ల మీద గుద్దింది జొనెల్. "బుధవారం సాయంత్రం ఫోన్ చేసి, డ్యూటీ దిగాక రా, కాగితం చూడాలంది. తొమ్మిదింటికి వచ్చాను. ఉత్తరం నా ముందు పెట్టింది. నాకేం తెలీదన్నాను. 'బ్యాంకువాళ్ళు రెండే దార్లు చెప్పారు, అది నా కార్డేనని ఒప్పుకోవాలి, లేదా పోలీసు స్టేషనుకెళ్ళి దొంగ పేరు రాసిచ్చి సంతకం పెట్టాలి' అంది. 'నీ నోటితో నువ్వు చెప్పు' అంది. తెలీదు అన్నాను. మళ్ళీ అడిగింది. నేను ఒప్పుకుంటే రాసిస్తుంది, నా పనికిచ్చిన లైసెన్సు పోతుంది, జైలు. అంతే కదా?"

"అంతే అని ఆవిడ అందా?"

"అనక్కర్లేదు. కాగితాల విషయంలో అమ్మ ఎలాంటిదో మీకు తెలీదు."

"వసారాలోకి ఎలా వచ్చింది?"

"విసుక్కుని వెనక తలుపు తీసుకుని గాలికి నిలబడింది. నేను వెళ్ళాను." వెనక తలుపు వైపు చూసింది. "దగ్గరికెళ్తే ఏడుస్తున్నాననుకుంది. చేతులు చాపింది. ఎత్తాక కూడా అరవలేదు. వాటేసుకుంటున్నానని అనుకుంది కాబోలు. ఎంత బరువుందని? నేను రోజూ ఎత్తేవాళ్ళలో సగం."

మాబ్రీ బెల్టు నుంచి సంకెళ్ళు తీశాడు.

"ఒక్క నిమిషం క్లైడ్. నాకో సంగతి పొసగడం లేదు," అంది ఆర్డెలా. "జొనెల్, రెండు నెలలుగా వాయిదా కట్టని కార్డు బంకులో ఎలా పనిచేసింది?"

"ఏమో."

"అంతకుముందు ప్రయత్నించావా?"

"ప్రతిసారీ. ఎప్పుడు గీకినా వద్దనేది. ఆ రోజు ట్యాంకులో చుక్క లేదు, పర్సులో డాలరు లేదు. ఊరికే గీకి చూశాను, తీసుకుంది. దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాను."

"దేవుడు క్రెడిట్ కార్డు బాకీలు కట్టడు," అంది ఆర్డెలా.

మాబ్రీ జొనెల్ చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశాడు. ముగ్గురూ ముందు వైపు మెట్లు దిగారు. టాలివర్ తలుపు సందులోంచి చూసి, జొనెల్‌ని గుర్తుపట్టి, తలుపు వేసుకున్నాడు.

కింద పోస్టావిడ గోడకున్న ఇనప పెట్టెల్లో ఉత్తరాలు సర్దుతోంది. మూడో అంతస్తు పెట్టె నిండిపోయి మూత పడడం లేదు. "ఎవరూ తియ్యడం లేదు ఇది. ఇవాళ్టివి ఎక్కడ పెట్టను?" అని గొణిగింది.

"మీ అమ్మ తాళాలు ఎక్కడున్నాయి?" అంది ఆర్డెలా.

జొనెల్ గడ్డంతో కోటు జేబు చూపించింది. ఆర్డెలా తాళాలు తీసి పెట్టె తెరిచింది. కరెంటు బిల్లు, చర్చి కాగితం, కిరాణా కొట్ల ప్రకటనలు. ఇవాళ్టి కట్టలో బ్యాంకు కవరు ఒకటి, మిగతావాటికంటే బరువుగా ఉంది. మధ్యలో ఏదో గట్టిగా తగిలింది.

"అది సాక్ష్యం. ఇలా ఇవ్వు," అన్నాడు మాబ్రీ.

"నీకిస్తే మొదటి పేజీ దగ్గర ఆగిపోతావు." ఆమె అంచు చింపింది. లోపల తెల్ల కాగితానికి జిగురుతో అంటించిన నీలం కార్డు. దాని మీద అచ్చయిన పేరు ఆర్డెలా రెండుసార్లు చూసింది. తర్వాత ఉత్తరం మొత్తం తనలో తను చదువుకుంది.

మాబ్రీ ఆమె భుజం మీదుగా చదివాడు. జొనెల్‌ని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "వద్దు హేగుడ్. ఒప్పుకుంది, అయిపోయింది. ఇది లాయర్లు చూసుకుంటారు."

ఆర్డెలా అతన్ని పక్కకి తోసి, కారు తలుపు తెరిచి పట్టుకుంది.

"'ప్రియమైన వర్లీన్ పెటస్. గురువారం ఉదయం ఎనిమిదింబావుకి మీరు మాతో ఫోనులో మాట్లాడారు. 4471 కార్డు మీదేనని ధ్రువీకరించారు. బాకీ పడిన నూట పద్దెనిమిది డాలర్లు అప్పుడే మీ ఖాతా నుంచి చెల్లించారు. కార్డు తిరిగి పనిచేస్తుంది. ఖాతా చిరునామాను మీరు చెప్పినట్టు మీ ఇంటికి మార్చాం.'"

జొనెల్ కళ్ళు ఆ కాగితం మీద నిలిచిపోయాయి. "ఎనిమిదింబావుకా?"

"నువ్వు రాకముందే. వింటున్నావా? ఇంకా ఉంది. 'మీరు కోరినట్టు ఇదే ఖాతా మీద మీ కుమార్తె పేరున రెండో కార్డు పంపుతున్నాం. ఇకనుంచి ఆమె దీన్ని తన పేరుతోనే వాడుకోవచ్చు. సక్రమంగా కడితే ఆమె స్కోరు కూడా పెరుగుతుంది. ఇప్పటివరకు పెట్రోలు మీద మీకు కూడిన రాయితీ నలభై ఏడు డాలర్లు. ఎలా వాడుకుంటారో ఎంచుకోండి.'"

కార్డు జొనెల్ మొహం ముందు పెట్టింది. జొనెల్ పెటస్ అని అక్షరాలు పైకి లేచి ఉన్నాయి.

జొనెల్ ముందుకు వంగింది. చేతులు వెనక కట్టి ఉండడంతో కార్డుని అందుకోలేక, నుదురు ముందు సీటుకి ఆనించి అలాగే ఉండిపోయింది. గొంతులోంచి వచ్చింది ఏడుపు కాదు. కుక్కని తలుపు సందులో నొక్కితే వచ్చే చప్పుడు. పోస్టావిడ సంచీ దించి అటు తిరిగి చూసింది.

జొనెల్ తలెత్తింది. "ఇప్పుడెందుకు చదివారు నాకు? ఎలాగూ కోర్టులో తెలిసేది కదా."

"కోర్టుకి ఏడాది పడుతుంది," అంది ఆర్డెలా. "అన్నాళ్ళు నువ్వు మీ అమ్మని తప్పు పట్టుకుంటూ నిద్రపోవడం నాకిష్టం లేదు."

ఉత్తరమూ కార్డూ మాబ్రీ చేతిలో పెట్టి, తనే తలుపు వేసింది.